తాబేళ్ల సర్వే: ఫోన్ శిక్షణ ఇసుకలోనే ఇవ్వాలి

సంపాదకులకు,

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. చచ్చినవి ఒడ్డుకు కొట్టుకొచ్చేదీ ఆ నెలల్లోనే. ఎక్కడ, ఎన్ని అని తేల్చడానికి వాట్సాప్ గ్రూపుల ఫొటోలు పనికిరావు. మామూలుగా పంపిన ఫొటోలో లొకేషన్ వివరాలు ఊడిపోతాయి. ఒకే తాబేలును ముగ్గురు పంపితే లెక్కలో మూడవుతాయి.

ఫోన్‌లోనే సర్వే ఫారం నింపే ఓడీకే కలెక్ట్, కోబో కలెక్ట్ యాప్‌లు ఉచితం. ఫారాన్ని ఇంటి దగ్గరే దించుకుంటే సిగ్నల్ లేని చోటా నింపొచ్చు, తర్వాత పంపొచ్చు. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు గానీ, నెట్ లేకుంటే ఉపగ్రహాలు అందడానికి కాసేపు పడుతుంది. సరుగుడు చెట్ల కింద మరీ ఆలస్యం. తొందరపడి నొక్కితే పాయింటు సముద్రంలో పడుతుంది. యాప్ చూపే లొకేషన్ తేడా 5 మీటర్లకు దిగేదాకా ఆగాలి.

చచ్చిన తాబేలు ఫొటో నేరుగా పైనుంచి తీయాలి, ముందు చిప్ప మీది ఇసుక కడగాలి. నడి వెన్ను పలకలకు ఇరుపక్కలా ఉండే పలకలు ఆలివ్ రిడ్లేకు సాధారణంగా ఆరేసి, అంతకు మించీ ఉంటాయి. రెండు వైపులా సమానంగా ఉండకపోవచ్చు. పచ్చ తాబేలుకు నాలుగేసి. ఏటవాలుగా తీస్తే ఒక వైపు పలకలు కనబడవు, జాతి తేలదు. పొడవును మెడ దగ్గరి నొక్కు నుంచి తోక వైపు అంచు దాకా, వంపు మీదుగా టేపుతో కొలవాలి. పాత గుడ్డ టేపు సాగిపోయి కొలత తగ్గిస్తుంది. చిప్పకు అంటుకున్న బార్నకిల్స్ (గట్టి గుల్లల చిన్న సముద్ర జీవులు) మీదుగా పోనిస్తే పెరుగుతుంది. శిక్షణలో ఒకే చిప్పను ఇద్దరు విడివిడిగా కొలిచి, తేడా సెంటీమీటరు దాటితే మళ్లీ కొలవాలి. నమోదయ్యాక చిప్ప మీద పెయింటు గుర్తు వేస్తే రేపు వచ్చినవారు మళ్లీ లెక్కపెట్టరు. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జీవి, అటవీశాఖ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. గుడ్లు పెట్టేదాని మీద ఫ్లాష్ అసలే వేయకూడదు.

ఎక్కువమంది వదిలేసేది సున్నా. తాబేలు కనబడని రోజూ ఫారం నింపాలి, నడిచిన దారి ట్రాక్ జతచేయాలి. లేకపోతే ఆ తీరంలో తాబేళ్లు లేవో, అటు ఎవరూ నడవలేదో తెలియదు. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే ట్రాక్ మధ్యలోనే ఆగిపోతుంది. నడక మొదలెట్టే ముందే తీసేయాలి.

అటవీశాఖ డిసెంబరులోనే తీర గ్రామాల్లో ఈ శిక్షణ పెట్టాలి. ముందు మత్స్యకార కుటుంబాల యువకులను పిలవాలి. తెల్లవారుజామున ఒడ్డున ఉండేది వాళ్లే.

– తీర వన్యప్రాణి సర్వే శిక్షకులు, కాకినాడ