తెర మీది జీవశాస్త్రం చేను దాకా రావాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

బడుల్లో డిజిటల్ తెరలు, ఇళ్లలో స్మార్ట్‌ఫోన్లు వచ్చాక జీవశాస్త్రంలో ఆన్‌లైన్ పాఠాలకు కొరత లేకుండా పోయింది. కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ టీ-శాట్ ఛానళ్లు పాఠాలు ప్రసారం చేయడం వల్ల ఫోన్ లేని ఇళ్లలోని పిల్లలు కూడా చదువుకు పూర్తిగా దూరం కాలేదు. ఆ మేలును మరవకూడదు. అయితే ఏళ్లు గడిచినా చాలా పాఠాల తీరు ఆనాటి అత్యవసర పద్ధతిలోనే ఉండిపోయింది: ఉపాధ్యాయుడు నిలబడి పుస్తకంలోని నిర్వచనం చదువుతారు, బొమ్మలో భాగాలకు పేర్లు చెబుతారు, పరీక్షలో వచ్చే ప్రశ్నలతో ముగిస్తారు. పేర్లు గుర్తుంటాయి కానీ భావన పట్టుబడదు. చాలా ఏళ్లు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న వాడిగా ఈ విషయమై కొన్ని మాటలు విన్నవించుకుంటున్నాను.

కిరణజన్య సంయోగక్రియను తీసుకుందాం. దాని సమీకరణాన్ని పదో తరగతి పిల్లలు తప్పు లేకుండా రాస్తారు. అదే పిల్లలను, గింజగా విత్తిన పత్తి నడుమెత్తు మొక్క అయింది కదా, ఆ బరువంతా ఎక్కడిదని అడిగితే, ‘మన్నులోంచి వచ్చింది’ అనో, ‘యూరియా, డీఏపీ వేసినందుకు వచ్చింది’ అనో జవాబిస్తారు. వ్యవసాయ కుటుంబాల పిల్లలు కనుక అలా అనుకోవడం సహజమే. సరిగ్గా ఈ అనుమానాన్నే 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే యూరప్ శాస్త్రవేత్త పరీక్షించాడు. తొట్టిలో 200 పౌన్ల ఎండు మన్ను తూచి పోసి, 5 పౌన్ల విల్లో మొక్కను నాటి, నీరు తప్ప ఇంకేమీ ఇవ్వకుండా 5 సంవత్సరాలు పెంచాడు. చెట్టు 169 పౌన్లు దాటింది. మన్ను తరిగింది సుమారు 2 ఔన్సులే. అంటే చెట్టు దాదాపు 74 కిలోలు బరువెక్కితే మన్నులోంచి పోయింది 60 గ్రాములైనా లేదు. బరువంతా నీటి నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. ‘గ్యాస్’ అనే మాటను లోకానికిచ్చిన మనిషే గాలిని లెక్కలోకి తీసుకోకపోవడం విచిత్రం!

ఈ కథను బొమ్మలతో చూపి, వాన్ హెల్మాంట్ ఎక్కడ పొరబడ్డాడో చెప్పమని పిల్లలనే అడిగితే పాఠం అక్కడ మొదలవుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తిలో పింజ 90 శాతానికి పైగా సెల్యులోజే. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ అణువుల గొలుసు. అందులోని కార్బన్, గాలిలో 0.04 శాతం మాత్రమే ఉండే కార్బన్ డయాక్సైడ్ నుంచి ఆకు కూడబెట్టినదని తెలిసిన పిల్లవాడు సమీకరణాన్ని మళ్లీ మరవడు. మరి ఎరువు ఎందుకని అప్పుడు వాడే అడుగుతాడు. మాంసకృత్తులకు, పత్రహరితానికి నత్రజని కావాలని, అది కొద్దిగానే అయినా లేకపోతే మొక్క ఎదగదని చెప్పడానికి అంతకన్నా మంచి సందర్భం దొరకదు.

రెండో ఉదాహరణ కూడా పత్తి చేనిదే. ‘పురుగు మందుకు అలవాటు పడింది’ అని మన రైతులు అంటుంటారు. ప్రకృతి వరణం పాఠం చదివిన విద్యార్థి కూడా అదే మాట అంటాడు. చదివిన పాఠానికీ ఆ మాటకూ పొత్తు కుదరదని వాడికి తోచదు. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకునేలా బాక్టీరియా జన్యువును చేర్చిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 2006లో రెండు జన్యువులున్న రకం వచ్చింది. కాలక్రమంలో, పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగు ఆ రెండింటినీ తట్టుకోగలిగింది. ఇందులో ఏ ఒక్క పురుగూ బతికుండగా అలవాటు పడలేదు. వేల పురుగుల్లో పుట్టుకతోనే ఆ విషాన్ని తట్టుకునే లక్షణం ఉన్న కొద్దిపాటివి మిగిలాయి, వాటి సంతానమే చేను నిండా పెరిగింది. బీటీయేతర పత్తిని చేను చుట్టూ కొన్ని వరుసలు ఎందుకు వేయమన్నారో కూడా దీనితోనే బోధపడుతుంది: విషం తగలని ఆ మొక్కల మీద మామూలు పురుగులు బతికి, తట్టుకునే వాటితో జత కడితే ఆ లక్షణం అంత త్వరగా బలపడదు. జిరాఫీ మెడ బొమ్మతో చెప్పే పాఠాన్ని నర్సంపేట, పరకాల పిల్లలకు పత్తికాయ విప్పి చెప్పవచ్చు. ఆ పాఠం ఇంట్లో తండ్రికి కూడా పనికొస్తుంది.

తెర వల్ల మాత్రమే సాధ్యమయ్యేవి కొన్ని ఉన్నాయి, పాఠాలు తయారు చేసేవారు సమయమంతా వాటికి వెచ్చించాలి. ఉల్లివేరు కొనలో కణవిభజనను బడిలోని స్లైడ్ మీద చూస్తే కనిపించేవి ఎక్కడికక్కడ ఆగిపోయిన నిర్జీవ కణాలు. ఏ దశ ముందో ఏది వెనకో పిల్లలు బట్టీ పట్టవలసిందే. సజీవ కణంలో గంటల తరబడి జరిగేదాన్ని నిమిషంలో చూపగల వీడియో ఆ ఇబ్బందిని తీరుస్తుంది. గుండె కవాటాలు తెరుచుకుని మూసుకోవడం, పత్రరంధ్రం విచ్చుకోవడం కూడా ఇలాంటివే. అయితే బొమ్మలతో చిక్కులూ ఉన్నాయి. సిరలను నీలంగా చూపినప్పుడు అది గుర్తు కోసం వేసిన రంగని, ఆక్సిజన్ తగ్గిన రక్తం కూడా ముదురు ఎరుపేనని తెర మీదే చెప్పకపోతే, మన ఒంట్లో నీలి రక్తం ఉందని నమ్మే పిల్లలు తయారవుతారు. అలాంటి వారిని చాలామందిని చూశాను.

చేతితో చేయవలసిన పనిని మాత్రం తెరకు అప్పగించకూడదు. ఉల్లిపొర తీసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూసిన పిల్లవాడు పుస్తకంలోని మొక్కకణం బొమ్మలో ఉన్న హరితరేణువులు ఇక్కడ ఎందుకు లేవని అడుగుతాడు. వీడియోలో ఉల్లిపొరను చూసినవాడు అడగడు. గంజి మీద టింక్చర్ అయోడిన్ చుక్క వేసి నీలిరంగు చూడటం ఏ ఇంట్లోనైనా అయ్యే పని. ఆకును స్పిరిట్‌లో ఉడికించే ప్రయోగం అలా కాదు, స్పిరిట్ నిప్పంటుకుంటుంది కనుక అది బడిలో సారు సమక్షంలో జరగాలి. ఏది ఇంట్లో చేయవచ్చో, ఏది చేయకూడదో పాఠమే చెప్పాలి. పది నిమిషాల పాఠం నడుమ రెండుసార్లు ఆగి, ‘ఏమవుతుందని అనుకుంటున్నారు, రాసి పెట్టుకోండి’ అని గడువివ్వాలి. ఆగని పాఠం ఎంత బాగున్నా సినిమాలా చూసి లేస్తారు.

ఏటూరునాగారం, తాడ్వాయి వైపు అడవి పల్లెల్లో సిగ్నల్ అందని చోట్లు ఇంకా ఉన్నాయి. అక్కడి బడులకు పాఠాలను పెన్‌డ్రైవ్‌లలో పంపడం కష్టమేమీ కాదు.

కాబట్టి రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థకూ టీ-శాట్‌కూ నా విన్నపం ఇది. పాఠాలన్నిటినీ ఒకేసారి మార్చమని అడగడం లేదు. విద్యార్థులు తరచూ తప్పుగా అర్థం చేసుకునే భావనలు కొన్నిటిని ఎంచుకుని, ఒక్కొక్కదానికి చిన్న పాఠం కొత్తగా తీయండి. కాకతీయ విశ్వవిద్యాలయంలోని వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విభాగాలు, వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పనికి చేతికందే దూరంలోనే ఉన్నాయి. తీసిన పాఠాన్ని విడుదలకు ముందే రెండు మూడు బడుల్లో చూపి, పిల్లలు ఏం రాశారో చదివి దిద్దండి. గులాబీ రంగు పురుగు ఉధృతంగా కనిపించేది వానాకాలం పంట చివరి నెలల్లో. కెమెరా అప్పుడు చేనులో లేకపోతే, ఆ ఒక్క పాఠం కోసం ఇంకో ఏడాది ఆగవలసి వస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
హనుమకొండ