అది పిచ్చి సర్టిఫికెట్ కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మా వీధిలో ఒకావిడ పెరట్లో కొబ్బరికాయల లెక్క చూసుకుంటుంటే అమెరికా నుంచి ఫోనొచ్చింది. కూతురి ఇమిగ్రేషన్ కేసుకు నివేదిక రాస్తున్న సైకాలజిస్టు, పక్కన దుబాసీ. పెళ్లయ్యాక మీ అమ్మాయి మీతో ఏం చెప్పుకునేదమ్మా అని అడిగారు. ‘మా అల్లుడు దేవుడండీ, పిల్ల సుఖంగా ఉంది’ అని పెట్టేసింది. పెట్టేసి అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఆ పిల్ల రెండేళ్లుగా బాత్రూం గడియ పెట్టుకుని తల్లికి ఫోన్ చేసేదని నాకు తెలుసు. ఎందుకలా అన్నావే అంటే, ‘పిచ్చిదని రాసేస్తే చెల్లెలికి సంబంధాలొస్తాయా పంతులమ్మగారూ’ అంది.

పిచ్చి అని ఎవరూ రాయరు. భర్త అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే, హింస పడిన భార్య అతని సంతకంతో పని లేకుండా గ్రీన్‌కార్డు కోసం తానే దరఖాస్తు పెట్టుకునే వీలు అక్కడ 1994 చట్టంతో వచ్చింది. ఒంటి మీద దెబ్బలే చూపించాలని లేదు, తీవ్రమైన మానసిక క్రూరత్వమూ లెక్కలోకే వస్తుంది. సైకాలజిస్టు నివేదిక తప్పనిసరి కాదు గానీ గాయం కనబడని చోట పనికొస్తుంది. ఆమె నిద్ర, భయం, ఉలికిపాటు చెప్పిన కథతో పొసుగుతున్నాయా అని చూస్తారు. తీర్పు మాత్రం అధికారులదే. కేసు సంగతి భర్త చెవిన వేయకూడదని ఆ అధికారులకు చట్టమే కట్టడి పెట్టింది. అల్లుడికి తెలిసిపోతుందన్న భయం మనవాళ్లకు అందుకే అక్కర్లేదు.

భర్త హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉంటే ఈ దారి లేదు. అతని భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్లి హింస పడినావిడ పని అనుమతి మాత్రం విడిగా అడగొచ్చు. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి జీతం అడుగుతాం, వీసా ఏదో అడుగుతాం. రేపు అమ్మాయి చేతిలో ఏ కాగితం ఉంటుందో అడిగినవాళ్లను నేను చూడలేదు.

ఇంకో చిక్కు మన మాట తీరుది. మన ఆడవాళ్లు దిగులుగా ఉందనరు, గుండె దడ, నరాల నీరసం, కడుపులో మంట అంటారు. దుబాసీ దాన్ని ఉన్నదున్నట్టు మార్చేస్తే గ్యాస్ జబ్బనుకుంటారు. చుట్టాలను దుబాసీలుగా పెట్టుకోవడం మరీ ముప్పు, పరువుకు తగ్గట్టు సర్దేస్తారు. ‘కథ మేమే రాసిస్తాం, అప్పజెప్పేయండి’ అన్న ఏజెంటు గురించీ విన్నాను. ఒకే కథ పదిమంది చెబితే, నిజంగా పడినదాన్ని కూడా నమ్మరు.

న్యాయసేవాధికార సంస్థ మండలాల్లో పెట్టే న్యాయ విజ్ఞాన సదస్సుల్లో భరణం గురించి చెబుతున్నారు, భూతగాదాల గురించి చెబుతున్నారు. కోనసీమలో ఇంటికొకరు బయటి దేశంలో ఉన్నట్టుంది పరిస్థితి, ఈ సంగతీ చెప్పించాలి. మీ పత్రిక కూడా పూనుకోవాలి.

ఆవిడ అనుమతితోనే రాశాను. నిన్న నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఫోన్లొచ్చిన రోజులు గుర్తు చేసుకుంటూ వాంగ్మూలం రాస్తున్నాం. తేదీలు సరిగా గుర్తు లేవు, పండగలు గుర్తున్నాయి. మొదటిది భోగి నాటి రాత్రి.

— ఒక రిటైర్డ్ టీచరు, కోనసీమ
(ఊరి పేరు వేయవద్దని మనవి)