మహిళా విభాగం వార్షిక నివేదిక: సారెలో మాత్రల షీటు

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి ముగ్గుల పోటీ, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. నేను చెప్పాలనుకున్నది కొత్త పెళ్లికూతుళ్లకు ఫోలిక్ యాసిడ్ మాత్రలు అందించే పని గురించి.

శ్రావణ మంగళవారం పేరంటంలో మన సభ్యురాలు ఒకావిడ తన కొడుకు సంగతి చెప్పారు. బాబు నడుము దగ్గర వెన్ను మూసుకోకుండానే పుట్టాడు, పుట్టిన వారంలోనే ఆపరేషన్ అయింది. ఆవిడకు మాత్రలు రాసింది మూడో నెలలో. ఒక్క రోజు కూడా మానలేదు. ఇందులో ఆవిడ తప్పేమీ లేదని ఇక్కడ రాసి పెడుతున్నాను. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం కడుపున పడ్డ 28 రోజులకల్లా మూసుకోవాలి. అంటే నెల తప్పిన రెండు వారాలకే. అది సరిగా మూసుకోవడానికే ఫోలిక్ యాసిడ్ ముందునుంచీ కావాలి, మూడో నెలలో మొదలుపెడితే ఆలస్యమే. మన దగ్గర అంగన్‌వాడీ భోజనం, గుడ్డు, పాలు అన్నీ గర్భిణిగా పేరు రాయించుకున్నాకే మొదలవుతాయి.

గర్భానికి ముందు నుంచీ మొదటి మూడు నెలలూ రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలని రక్తహీనత తగ్గించేందుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం మార్గదర్శకాల్లోనే ఉంది. ఇదివరకు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు ఆ మోతాదు చాలదు. 7 దేశాల్లో జరిగి 1991లో వెలువడిన పరిశోధనలో అలాంటి తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే, లోపం మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గింది. అయితే చిన్న మాత్రలే పది మింగేయకూడదు, ఆ మోతాదు డాక్టరే రాయాలి.

ఆకుకూరలు తింటున్నాం కదా అని చాలామంది అడిగారు. తినాల్సిందే. కానీ పాలకూర ఉడికించి నీళ్లు వార్చేస్తే ఫోలేట్, అంటే ఆకుకూరల్లో సహజంగా ఉండే ఫోలిక్ యాసిడ్ రూపం, దాదాపు సగం వాటితోనే పోతుంది. వంటల రోజున ఆ పచ్చటి నీళ్లను పారబోయకుండా పప్పులో కలిపి చూపించాం. అంత చేసినా కూర ఒక్కటే సరిపోదు, మాత్ర కూడా కావాలి.

అసలు ఇబ్బంది సిగ్గు. కొత్త కోడలు మాత్ర వేసుకుంటుంటే "అప్పుడే విశేషమా?" అని అడుగుతారు. దీనికి దారి చూపింది మన పెద్దావిడ ఒకరు. మనవరాలి సారెలో సున్నుండల డబ్బా పక్కనే మాత్రల షీటు పెట్టి, "ఇది నా మాటగా రోజూ వేయించండి వదినగారూ" అని వియ్యపురాలి చేతికే ఇచ్చారు. ఆ తరవాత మరో రెండిళ్లు అలాగే చేశాయి.

మాఘమాసంలో పెళ్లిళ్లున్న ఇళ్లవాళ్లు ముందుగానే పేర్లు ఇవ్వండి. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని మేమే వస్తాం.