కాగితం తెగకపోతే ఆ యంత్రం కొనకండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. నేను పర్లాకిమిడిలో నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్న టైలర్‌ని. ఒడిశాలో ఉన్నా మా షాపుకి రోజూ మీ పేపరే వస్తుంది. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూడా కూర్చుని చదివి వెళ్తారు.

ఈమధ్య మీ ఇంటితోట శీర్షికలో ఒక పాఠకుడు ఇలా అడిగారు: గోల్ఫ్ క్లబ్బులో వాడిన రీలు మోవర్, అంటే గడ్డి కోసే యంత్రం, చౌకగా వస్తోంది, ఇంటి లాన్‌కి కొనుక్కోవచ్చా అని. గోల్ఫ్ మైదానానికి చేసిన యంత్రం గట్టిగా ఉంటుంది, ధైర్యంగా కొనండి అని మీరు జవాబు ఇచ్చారు. గట్టిగా ఉంటుందన్న మాట నిజమే. కానీ అంతమాత్రం చెప్పి ఊరుకోవడం సరికాదు. నేనూ అదే మాట నమ్మి 38,000 రూపాయలు పెట్టి కొన్నాను. మొదటి ఆరు నెలలు ఆ యంత్రం గడ్డి కోయలేదు, నలిపింది. ఆ పాఠకుడు ఇంకా డబ్బు కట్టకపోతే ఈ ఉత్తరం ఆయనకి పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఇల్లు ఊరి చివర 8 డెసిమల్స్ స్థలంలో ఉంది. మీ వైపు సెంట్లంటారు, రెండూ ఒకటే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వాకిట్లో రెండు మామిడి చెట్లు, ఒక పనస చెట్టు కూలిపోయాయి. ఆ చెట్లు మా నాన్న వేసినవి. అవి పడ్డాక చాలా రోజులు వాకిలి వైపు చూడబుద్ధి కాలేదు. అయితే నీడ పోవడంతో గరిక దానంతటదే అల్లుకుంది. గరికకి ఎండ కావాలి, చెట్ల కింద ఉన్నన్నాళ్లూ అది బతకలేదు. రెండేళ్లలో వాకిలంతా పచ్చబడింది. తర్వాత మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. ఎగుడుదిగుడు లేని చోట రోజూ నడవమని డాక్టరు చెప్పారు. రోడ్డు మీద ఆటోలు, బైకులు, టెన్షన్. ఇంటి ముందు గడ్డినే చదును చేసి, పొట్టిగా ఉంచుదాం, చెప్పుల్లేకుండా నడుస్తుంది అనుకున్నాను. ఈ యంత్రం వెతుకులాట అలా మొదలైంది.

అప్పటికి మా దగ్గర కరెంటుతో నడిచే మామూలు మోవర్ ఉంది. అందులో బ్లేడు ఫ్యాను రెక్కలా అడ్డంగా గిర్రున తిరిగి, ఆ వేగంతో గడ్డిని కొట్టి తెంపుతుంది. బ్లేడు కాస్త మొద్దుబారిందంటే గడ్డి కొస చీలి, రెండో రోజుకి తెల్లబడి, మూడో రోజుకి గోధుమరంగుకి వస్తుంది. రీలు మోవర్ పద్ధతి వేరు. స్తంభానికి తీగ చుట్టినట్టు మెలి తిరిగిన రెక్కలు ఒక రీలుకి ఉంటాయి. కింద కదలని కత్తి ఒకటి అడ్డంగా ఉంటుంది, దాన్ని బెడ్‌నైఫ్ అంటారు. రెక్క తిరుగుతూ వచ్చి బెడ్‌నైఫ్ అంచుని దాటేటప్పుడు మధ్యలో ఉన్న గడ్డి తెగుతుంది. అంటే అది కత్తెర. నా చేతిలో నలభై ఏళ్లుగా ఉన్న పనిముట్టే.

దీని పుట్టుక కూడా బట్టల దగ్గరే జరిగింది. ఇంగ్లండులో స్ట్రౌడ్ అనే ఊరు ఉన్ని బట్టల మిల్లులకి పేరు. అక్కడి ఎడ్విన్ బడ్డింగ్, బట్ట మీద లేచిన నూగుని సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, ఇదే పద్ధతిలో గడ్డి ఎందుకు కోయకూడదని ఆలోచించి 1830లో పేటెంటు తీసుకున్నారు. అంతకుముందు పచ్చిక మైదానాలని కొడవళ్లతో కోసేవాళ్లు, లేదా గొర్రెలని మేపేవాళ్లు. ఈ సంగతి తెలిశాక యంత్రం మీద నాకు ఇంకా మోజు పెరిగింది. కొనేటప్పుడు తొందరపడటానికి అది కూడా ఒక కారణం.

గుణుపురం ప్యాసింజర్‌లో విశాఖపట్నం వెళ్లి, పాత యంత్రాలు అమ్మే ఒక షాపులో దాన్ని చూశాను. 21 అంగుళాల వెడల్పు, గోల్ఫ్‌లో బంతి దొర్లించే గ్రీన్ మీద వాడే రకం. చిన్న హోండా ఇంజను, వెనక అల్యూమినియం డ్రమ్ము, బరువు దాదాపు క్వింటాలు. తాడు లాగితే ఒక్క లాగుకే స్టార్ట్ అయింది. ఆ చప్పుడుకే మనసు పారేసుకున్నాను. జేబులోంచి కాగితం తీసి రెక్కల మధ్య పెట్టి చూద్దామంటే షాపాయన "ఏటి మాస్టారూ, గోల్ఫ్ క్లబ్బుది, దీనికి పరీక్షేటి?" అన్నాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కత్తెర కొనేటప్పుడు గుడ్డముక్క కత్తిరించి చూడకుండా నేను ఏనాడూ డబ్బు ఇవ్వలేదు. ఆ రోజు ఇచ్చాను.

పాత రీలు మోవర్‌లో ఇంజను అంత పెద్ద విషయం కాదు. ఇలాంటి చిన్న ఇంజన్లు పంపుసెట్లకీ ఉంటాయి కాబట్టి మెకానిక్కులూ పార్టులూ దొరుకుతాయి. అసలు చూడాల్సింది రీలు, బెడ్‌నైఫ్, రీలు బేరింగులు. పేపరు కాగితాన్ని సన్నటి పట్టీగా చింపి, రెక్కకీ బెడ్‌నైఫ్‌కీ మధ్య నిలువుగా పెట్టి, రీలుని మెల్లగా తిప్పాలి. ఎడమ చివర, మధ్యలో, కుడి చివర, ప్రతి రెక్కకీ కాగితం కత్తెరతో కోసినట్టు తెగాలి. ఒక చోట తెగి ఇంకో చోట మడత పడిందంటే రీలు అరిగిందనో, బెడ్‌నైఫ్ సమంగా లేదనో అర్థం. రీలు రెండు చివరలా వ్యాసం కొలవాలి. ఇలాంటి రీలు కొత్తగా ఉన్నప్పుడు 5 అంగుళాలు ఉంటుంది. నాది ఇంటికొచ్చాక కొలిస్తే ఎడమవైపు ఒక కొలత, కుడివైపు దానికంటే తక్కువ. అంటే గరాటులా అరిగిపోయింది. బేరింగు చూడాలంటే రీలు చివర పట్టుకుని పైకీ కిందకీ ఊపాలి. లొడలొడలాడితే రెక్కకీ బెడ్‌నైఫ్‌కీ మధ్య సందు ఎంత సరిచేసినా నిలవదు.

ఇక రెక్కల సంఖ్య. ఇది ఎవరూ చెప్పరు, నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. నా యంత్రానికి 11 రెక్కలు. ఎక్కువ రెక్కలుంటే మంచిదే కదా అనుకున్నాను. కుట్టుమిషనులో కుట్టు పొడవు ఉన్నట్టే దీనికీ ఒక లెక్క ఉంది. ఒక రెక్క కోసిన చోటి నుంచి తర్వాతి రెక్క కోసే చోటికి యంత్రం ఎంత దూరం జరిగిందో అది దీని కుట్టు. ఆ దూరం ఇంచుమించు గడ్డి ఎత్తుతో సమానంగా ఉండాలి. గోల్ఫ్ గ్రీన్ మీద గడ్డిని 3, 4 మిల్లీమీటర్ల ఎత్తుకి కోస్తారు కాబట్టి అక్కడ కుట్టు దగ్గరగా పడాలి, అందుకే 11 రెక్కలు. మన ఇంటి ముందు అంగుళం ఎత్తు గడ్డికి అన్ని రెక్కలు అక్కర్లేదు సరికదా, అడ్డం. రెక్కల మధ్య చోటు చాలక పొడుగు గడ్డి లోపలికి రాదు, ముందుకి వాలిపోతుంది. మా గరిక అలాగే వాలింది. ఇంటికోసం కొనేవాళ్లు 7, 8 రెక్కల రీలు దొరికితే అదే తీసుకోవాలి. 11 రెక్కలదే కొంటే, గడ్డిని అర అంగుళం కంటే కిందకి దించడానికి సిద్ధపడాలి.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. రీలు పదును పెట్టేవాళ్లు మా ప్రాంతంలో లేరు. మా ఊళ్లో ఒక వెల్డింగ్ షాపుకి తీసుకెళ్తే, వాళ్లు చేతిగ్రైండర్ పట్టుకుని ఒక్కో రెక్క అంచునీ కొడవలికి పెట్టినట్టు రాశారు. ఆ కుర్రాళ్లని నేను తప్పుపట్టను, వాళ్లకి ఎవరూ నేర్పలేదు. కానీ రీలు పదును అంటే ఒక్కో రెక్క పదును కాదు. అన్ని రెక్కల అంచులూ కలిపి ఒకే గుండ్రని దిమ్మెలా రావాలి. చేత్తో రాస్తే ఒక రెక్క ఎత్తు, ఒక రెక్క పల్లం. ఎత్తున్నది బెడ్‌నైఫ్‌ని గీకుతుంది, పల్లంగా ఉన్నది గడ్డిని తాకదు. కాస్త మిగిలి ఉన్న రీలు ఆ ఒక్క మధ్యాహ్నంలో పాడైపోయింది.

అదే వారం ఇంకొకటి జరిగింది. ఇది మాత్రం దయచేసి తప్పక ప్రచురించండి. మా మేనల్లుడు ఇంజను ఆపి ఉంది కదా అని రెక్కల్లో ఇరుక్కున్న గడ్డి తీయబోయాడు. ఒక రెక్కని తోస్తే రీలంతా తిరుగుతుంది, వెనక రెక్క వచ్చి వేలిని బెడ్‌నైఫ్ మీదకి నొక్కింది. నాలుగు కుట్లు పడ్డాయి. చూపుడువేలు చివర ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు. వాడూ నా దగ్గరే కుట్టుపని నేర్చుకుంటున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి పడే అవస్థ చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇంజను ఆపడం చాలదు. స్పార్క్ ప్లగ్ వైరు పీకేయాలి, చేతికి మందపాటి గ్లవుజు ఉండాలి, రీలుని కర్రముక్కతోనే తిప్పాలి. కాగితం పరీక్ష చేసేటప్పుడు కూడా ఇంతే. కాగితం పట్టీ పొడుగ్గా ఉండాలి, రీలు తిప్పేవాడే కాగితం పట్టుకోవాలి. ఒకరు తిప్పుతూ ఒకరు పట్టుకుంటే వేలు పోతుంది. నాకు అమ్మినాయన ఈ మాట ఒక్కటి చెప్పి ఉంటే బాగుండేది.

చివరికి విశాఖలో ఒక లేతు వర్క్‌షాపు పెద్దాయన దొరికారు. రీలుని లేతు మీద తిప్పుతూ, పక్కన గ్రైండింగ్ రాయి బిగించి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే వ్యాసం వచ్చేలా రాశారు. బేరింగులు మార్పించాను. కొత్త బెడ్‌నైఫ్ హైదరాబాదు నుంచి తెప్పించాను. రానుపోను ఖర్చులతో కలిపి ఇంకో 17,000 అయింది. తర్వాత రీలుని వెనక్కి తిప్పుతూ పొడుగు బ్రష్షుతో రుబ్బుడు పేస్టు రాసి అంచులు కలపడం ఆయనే నేర్పారు. దాన్ని బ్యాక్‌ల్యాపింగ్ అంటారు. రోలు పొత్రం ఒకదాన్నొకటి నూరుకున్నట్టు, రెక్కలూ బెడ్‌నైఫూ ఒకదానికొకటి సరిపడతాయి. అయితే అది పదును నిలబెట్టుకోవడానికే. గరాటులా అరిగిన రీలుని పేస్టు బాగుచేయదు.

ఆ తర్వాత లాన్ పని. గడ్డిని ఒక్కసారి అడుగంటా దించకూడదు, ఉన్న ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ ఒక కోతలో తీయకూడదు. నేను నెలన్నరలో మెల్లగా 12 మిల్లీమీటర్లకి దించాను. జల్లెడ పట్టిన ఇసుక పలచగా చల్లి, చీపురుతో గుంటల్లోకి తోసి, గడ్డి పైకొచ్చాక మళ్లీ చల్లి, అలా నాలుగు విడతల్లో నేల చదును చేశాను. కోతకి ముందు ప్రతిసారీ రాళ్లు, మేకులు, కొబ్బరి ఈనెలు ఏరుతాను. ఒక్క గులకరాయి చాలు, రెక్క అంచుకి గాటు పడుతుంది. వానాకాలంలో రోజు విడిచి రోజు, మిగతా కాలంలో వారానికి రెండుసార్లు కోస్తున్నాను. ఇంత తీరిక లేనివాళ్లు ఈ యంత్రం జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఇప్పుడు ఆ గడ్డి కొస చూస్తే అడ్డంగా నున్నగా తెగి ఉంటుంది, మంచి కత్తెరతో పాప్లిన్ కోసినట్టు. మా ఆవిడ పొద్దున్నే చేతికర్ర లేకుండా ఇరవై చుట్లు నడుస్తోంది. కాబట్టి ఈ యంత్రాలు వద్దని నేను అనను. కొన్నందుకు నాకు విచారం లేదు. తెలియకుండా కొన్నందుకే ఉంది.

మీ పేపరు ద్వారా రెండు విన్నపాలు. గోల్ఫ్ క్లబ్బులు, పెద్ద హోటళ్లు పాత మోవర్లని కొన్నిసార్లు తుక్కు లెక్కన తూకానికి అమ్మేస్తాయి. వాటి రెక్కలెన్ని, రీలు వ్యాసం ఎంత మిగిలింది, ఆఖరిసారి గ్రైండింగ్ ఎప్పుడు చేయించారు అన్న వివరాలు మైదానం చూసే సిబ్బంది దగ్గర సాధారణంగా రాసి ఉంటాయి. ఆ కాగితం కూడా యంత్రంతో పాటు ఇప్పించాలి. రెండోది, మా గజపతి జిల్లాలోనూ మీ శ్రీకాకుళం జిల్లాలోనూ ఉన్న ఐటీఐలలో ఫిట్టర్, టర్నర్ పిల్లలకి రీలు గ్రైండింగ్ ఒక్క వారం నేర్పించాలి. లేతు ఉంది, పిల్లలు ఉన్నారు. స్కూళ్ల మైదానాలకీ పార్కులకీ ఇలాంటి యంత్రాలు వస్తే బాగుచేసేవాళ్లు మన దగ్గరే ఉంటారు, వాళ్లకీ నాలుగు డబ్బులు వస్తాయి.

మీ శీర్షికలో అడిగిన ఆ పాఠకుడు మా చుట్టుపక్కల వారైతే, డబ్బు కట్టేముందు నాకు మీ ఆఫీసు ద్వారా కబురు పెట్టమనండి. పాతపట్నం, టెక్కలి, పలాస, బరంపురం, ఎక్కడైనా సరే ఆదివారం షాపు మూసి వస్తాను. రీలు కొలిచి, కాగితం పెట్టి చూసి, ఆ యంత్రం సంగతి చెప్తాను.

ఇట్లు,
ఒక టైలర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా