బెర్లిన్‌లో ఆ దిమ్మెల దగ్గరికి వెళ్లేముందు

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు.

వచ్చే ఆదివారం రూమ్మేట్లతో బ్రాండెన్‌బుర్గ్ గేటు చూసి, అటునుంచి అటే నాజీలు చంపిన యూదుల స్మారకానికి కూడా వెళ్తామన్నావు. అటునుంచి అటే వద్దమ్మా. గేటుకు అంత దగ్గర కావడమే ఆ చోటికి చేటయింది. ఊరు చూడవచ్చినవాళ్లు దాన్ని దారిలో తగిలిన పార్కనుకుని, అక్కడి కాంక్రీటు దిమ్మెల మధ్య నాలుగు ఫొటోలు దిగి వెళ్లిపోతుంటారు. నువ్వు దానికోసం ఒక రోజు విడిగా పెట్టుకో. ఒక్కదానివే వెళ్లు, లేదంటే మాట్లాడకుండా పక్కన నడవగల స్నేహితురాలిని ఒక్కర్తిని తీసుకెళ్లు. సోమవారం మాత్రం వద్దు, నేల కింద ఉన్న ప్రదర్శన ఆ రోజు మూసేస్తారు.

ఆ రోజును అక్కడ మొదలుపెట్టకు కూడా. ముందు, నాజీలు యూదులను రైళ్లెక్కించి పంపేసిన గ్రూనెవాల్డ్ స్టేషన్‌కు వెళ్లు.

సెంట్రల్ స్టేషన్ నుంచి ఎస్7 రైలు నేరుగా వెళ్తుంది. ఊరి ఏబీ జోన్ దాటదు కాబట్టి నీ స్టూడెంట్ పాస్ చాలు. అక్కడ దిగి 'గ్లైస్ 17' ఎటని చూసుకో, 17వ నంబరు పట్టాలని అర్థం. ఇప్పుడు అక్కడ రైళ్లు ఆగవు. పట్టాల మధ్య చెట్లు మొలిచాయి, కావాలనే కొట్టేయకుండా వదిలేశారు. ఇక ఏ రైలూ ఇక్కడినుంచి బయల్దేరదని చెప్పడం అది. ప్లాట్‌ఫారం అంచుల వెంట పోత ఉక్కు పలకలు 186 పరిచారు. జర్మన్ రైల్వేనే ఈ స్మారకాన్ని కట్టించి 1998 జనవరి 27న తెరిచింది. ఒక్కో పలక అంచున మూడే సంగతులు ఉంటాయి: తేదీ, ఎంతమంది యూదులు, ఎక్కడినుంచి ఎక్కడికి. బెర్లిన్ నుంచి 50 వేల మందికి పైగా యూదులను ఇలా రైళ్లెక్కించారు.

చాలామంది మధ్యలో ఎక్కడో నిలబడి రెండు పలకలు చదివి వెనక్కి తిరుగుతారు. నువ్వు 1941 అక్టోబరు 18 అని ఉన్న పలక వెతుక్కుని, అక్కడినుంచి తేదీల వరసలో నడువు. మొదట్లో రైలుకు వెయ్యిమంది లెక్కన కనిపిస్తారు, తూర్పు యూరప్‌లోని లోడ్జ్, రీగా, మిన్స్క్ ఊళ్లకు. తర్వాత ఆష్‌విట్జ్ అన్న హత్యా శిబిరం పేరు మొదలవుతుంది. మధ్యమధ్య తెరేసియెన్‌స్టాట్ అని, యూదులను నిర్బంధించిన ఊరి పేరు వచ్చే పలకల మీద 100, 50 లాంటి చిన్న అంకెలుంటాయి. వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. చివరి పలక తేదీ 1945 మార్చి 27, మనుషులు 18 మంది. సోవియట్ సేనలు అప్పటికే బెర్లిన్‌కు తూర్పున ఉన్న ఓడర్ నది దాకా వచ్చేశాయి, ఇంకో అయిదు వారాలకు బెర్లిన్ లొంగిపోయింది. ఓడిపోతున్నామని తెలిసీ, బొగ్గుకూ బోగీలకూ కటకటగా ఉన్న రోజుల్లో, పద్దెనిమిది మందిని పంపే ఏర్పాటు చేశారు. ఆవేశంలో జరిగిన పని కాదది, ఆఫీసుల్లో కూర్చుని చేసిన పని. ఆ రైళ్లకు మూడో తరగతి లెక్కన టికెట్ డబ్బులు కూడా కట్టించుకున్నారు, వెళ్లడానికి మాత్రమే. నాలుగేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు.

పలకల మీద చిన్న గులకరాళ్లు కనిపిస్తాయి. పోయినవాళ్ల దగ్గరికి పూలకన్నా రాయి తీసుకెళ్లడం యూదుల ఆచారం. నువ్వూ ఒకటి పెట్టవచ్చు, తప్పులేదు. ఇతరులు పెట్టిన రాళ్లను, కొవ్వొత్తులను ఫొటో కోసం కదిలించకు.

ఓపిక ఉంటే అదే ఎస్7లో వాన్‌జే దాకా వెళ్లి, 114 నంబరు బస్సెక్కితే చెరువు ఒడ్డున ఒక అందమైన బంగళా వస్తుంది. 1942 జనవరి 20న నాజీ భద్రతా విభాగాల అధిపతి హైడ్రిష్ అధ్యక్షతన 15 మంది అధికారులు అక్కడ ఒక గంటన్నర సమావేశమయ్యారు. యూరప్ యూదులు ఒక కోటీ పది లక్షల మందిని ఏం చేయాలో, ఏ శాఖ ఏ పని చూడాలో మాట్లాడుకున్నారు. హత్యలు అప్పటికే మొదలయ్యాయి, ఇక్కడ జరిగింది శాఖల మధ్య సర్దుబాటు. దేశాలవారీగా జనాభా అంకెలు వేసిన ఆ సమావేశపు పత్రం ప్రతిని అక్కడ చూడవచ్చు. వాన్‌జే నుంచి ఎస్1 రైలు నిన్ను నేరుగా బ్రాండెన్‌బుర్గర్ టోర్ స్టేషన్‌లో దింపుతుంది, మారక్కర్లేదు.

ఇప్పుడు స్మారకానికి వెళ్లు. దిమ్మెల్లోకి దిగకముందు తూర్పు వైపు వీధి బోర్డు చూడు: కోరా బెర్లీనర్ వీధి. ఆవిడ ఆర్థికశాస్త్రవేత్త. యూదు సంస్థల్లో చివరిదాకా పనిచేసి, 1942లో బెర్లిన్ నుంచి తరలించిన వాళ్లతో పాటు వెళ్లి తిరిగిరాలేదు. పొద్దున చూసిన పలకల్లో ఒకదాని అంకెలో ఆవిడ కూడా ఉన్నారు.

నేల కింద ప్రదర్శనకు దారి ఆ వైపే. టికెట్ లేదు. తనిఖీ విమానాశ్రయంలో లాగే ఉంటుంది, పెద్ద బ్యాగుతో లోపలికి పంపరు, చిన్న సంచితో వెళ్లు. సెలవు రోజుల్లో మధ్యాహ్నం క్యూ ఎక్కువ. లోపల రెండు గంటలు పడుతుంది. జర్మన్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి ఉంటుంది.

మొదట నడవలో 1933 నుంచి 1945 దాకా జరిగిన క్రమం చూపిస్తారు. నీకు చరిత్ర తెలిసినా దాన్ని దాటేయకు. దుకాణాల బహిష్కరణతో, ఉద్యోగాల తొలగింపుతో, పౌరసత్వ చట్టాలతో మొదలై ఎన్నేళ్లలో ఎక్కడికి చేరిందో ఆ గోడ మీద తెలుస్తుంది. తర్వాతి గదిలో నేలలో వెలిగే గాజు పలకల మీద చనిపోయినవాళ్లు రాసిన ఉత్తరాలు, డైరీల ముక్కలు 15 ఉంటాయి. వంగి చదవాలి, నిలబడి చదివితే అక్షరాలు ఆనవు. ఆ తర్వాత 15 కుటుంబాల గది. ఒక్కో కుటుంబం ఎక్కడ ఎలా బతికిందో, ఎవరు ఏమయ్యారో ఫొటోలతో ఉంటుంది. పదిహేనూ చూడాలనుకోకు. ఒక్క కుటుంబాన్ని ఎంచుకుని మొదటినుంచి చివరిదాకా చదువు. అన్నీ చూడబోతే ఆ ముఖాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

పేర్ల గదిలో మాత్రం కూర్చో. చీకటి గది, నాలుగు గోడల మీద ఒక పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు వెలుగుతాయి. ఆ మనిషి గురించి నాలుగు మాటలు చదివి వినిపిస్తారు, ఆరిపోతుంది, ఇంకో పేరు వస్తుంది. నాజీల చేతిలో పోయిన అరవై లక్షల మంది యూదులనూ ఇలా చదవాలంటే 6 సంవత్సరాల 7 నెలల 27 రోజులు పడుతుందని లెక్క వేశారు. అరవై లక్షలు అనే అంకె మన బుద్ధికి అందదు. కానీ ఒక్క పేరుకు పట్టే కాలం నీకు చేతికి అందుతుంది. అక్కడినుంచి లెక్క మొదలుపెట్టు.

అప్పుడు పైకి వచ్చి దిమ్మెల్లోకి నడువు. ముందు దిమ్మెలు చూసి తర్వాత కిందికి దిగేవాళ్లే ఎక్కువ, దాంతో దిమ్మెలు వాళ్లకు బొమ్మరిల్లులా మిగులుతాయి. కింద పేర్లు విని వచ్చినదానికి పేరు లేని ఈ రాళ్లు వేరేగా కనిపిస్తాయి. మొత్తం 2,711 కాంక్రీటు దిమ్మెలు, 19,000 చదరపు మీటర్ల మేర. రూపం ఇచ్చింది అమెరికన్ వాస్తుశిల్పి పీటర్ ఐసెన్‌మన్. ప్రజలకు తెరిచింది 2005 మేలో. అన్నీ 2.38 మీటర్ల పొడవు, 95 సెంటీమీటర్ల వెడల్పు, ఎత్తు మాత్రం నేలకు సమానంగా మొదలై 4.7 మీటర్ల దాకా పెరుగుతుంది. 2,711కు అంతరార్థం ఏమీ లేదు, వెతక్కు. దారుల వెడల్పు కూడా 95 సెంటీమీటర్లే, ఇద్దరు పక్కపక్కన నడవలేరు. నేల ఎగుడుదిగుడు, దిమ్మెలు కొద్దిగా ఒరిగి ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ రోడ్డు చప్పుడు తగ్గి, మనిషి చూపు కోల్పోయినట్టవుతుంది. పక్క దారిలో ఎవరొస్తున్నారో మలుపు దాకా కనపడదు. పరుగెత్తే పిల్లలు గుద్దుకునేది అందుకే. స్నేహితురాలితో వెళ్తే ఏ మూల కలుసుకోవాలో ముందే అనుకోండి. చెప్పులు కాదు, అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకో. వాన పడ్డా మంచు పట్టినా ఆ చిన్న రాళ్ల నేల జారుతుంది.

దిమ్మెలెక్కడం, ఒకదాని మీంచి ఒకదాని మీదికి దూకడం, గట్టిగా అరవడం, అక్కడ సిగరెట్టు, మందు, అన్నీ నిషేధం. ఎవరైనా ఎక్కి ఉన్నా నువ్వు ఎక్కకు. పగుళ్లిచ్చిన కొన్ని దిమ్మెలకు ఉక్కు పట్టీలు వేసి ఉంటాయి, ఆశ్చర్యపోకు. కట్టేటప్పుడు కూడా చిక్కు వచ్చింది. పిచ్చిరాతలు అంటకుండా పూసే రసాయనం ఇచ్చింది డెగుస్సా కంపెనీ. యూదులను చంపిన గ్యాస్ గదుల్లో వాడిన జైక్లాన్ బి విషం దాని అనుబంధ సంస్థ డెగెష్‌ది. 2003లో పని ఆపి చర్చించి, చివరికి అదే పూతతో కొనసాగించారు. ఆ నేరంలో చేయి పడని పరిశ్రమను వెతకడం ఆ దేశంలో ఎంత కష్టమో ఆ చర్చ బయటపెట్టింది. దాచిపెట్టకపోవడం నాకు సరైన పనే అనిపిస్తుంది.

రోడ్డు దాటి టియర్‌గార్టెన్‌లో, పార్లమెంటు భవనం వైపు, సింతీ, రోమా ప్రజల స్మారకం ఉంది. 2012లో తెరిచారు. గుండ్రటి నీటి మడుగు, మధ్యలో త్రికోణపు రాయి, దాని మీద రోజూ ఒక తాజా పువ్వు. వాళ్ల పూర్వీకులు మన దేశం నుంచి వెళ్లినవాళ్లు. వాళ్ల భాషలో ఒకటి, రెండు, మూడు అంటే యేఖ్, దుయ్, త్రిన్. నాజీలు వాళ్లనూ లక్షల్లో చంపారు. అక్కడికి మనవాళ్లు వెళ్లరు, నువ్వు వెళ్లు.

మాటల సంగతి కూడా చెప్పాలి. తెలుగులో దీన్ని మారణహోమం అని రాస్తున్నాం. ఇంగ్లిష్‌లోని హోలోకాస్ట్ కూడా గ్రీకులో దహనబలి అనే అర్థం నుంచి వచ్చిందే. హోమం అంటే ఎవరో దేవుడికి ఏదో అర్పించినట్టు. ఇక్కడ అర్పణ లేదు, హత్య ఉంది. అందుకే చాలామంది యూదులు హీబ్రూలో షోవా అంటారు, మహావిపత్తు అని. నువ్వు జాతి సంహారం అని రాయి. అలాగే గట్టిగా ఉండే మేష్టారిని 'హిట్లర్' అనే అలవాటు మనకుంది. ఆ మాట అక్కడ నీ నోట రాకూడదు, ఇంటికొచ్చాక కూడా రాకపోతే సంతోషిస్తాను.

స్వస్తిక గురించి మరీ జాగ్రత్త. మన గుమ్మాల మీద, కొత్త బండి మీద పసుపు కుంకుమలతో వేసే గుర్తే, కానీ జర్మనీలో నాజీ గుర్తును బహిరంగంగా చూపితే శిక్షాస్మృతి 86ఎ కింద జరిమానా లేదా మూడేళ్ల దాకా జైలు. మతపరమైన స్వస్తికను ఆ చట్టం ఉద్దేశించలేదు. అయినా ఎదురుగా వచ్చే ముసలామెకు నువ్వు ఆగి వివరించే వీలుండదు కదా. ఆ రోజు మెడలో లాకెట్టు, చేతిలో పూజ సంచి, ఫోను కవరు, అన్నీ ఒకసారి చూసుకుని బయల్దేరు. గదిలో దేవుడి దగ్గర ఉన్నది అక్కడే ఉండనీ.

ఇక నీ ఇంటి దగ్గరి పని. మీ వీధిలో గుమ్మాల ముందు నేలలో అరచేతంత ఇత్తడి పలకలు చూసే ఉంటావు. ష్టోల్పర్‌ష్టైన్ అంటారు, ఎదురుదెబ్బ తగిలించే రాయి అని. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990ల్లో మొదలుపెట్టాడు, 2023లో లక్ష దాటాయి. 10 సెంటీమీటర్ల చదరం, పైన 'ఇక్కడ నివసించారు' అని, కింద పేరు, పుట్టిన ఏడు, ఎప్పుడు తీసుకెళ్లారు, ఏమయ్యారు. గాలికీ వానకూ ఇత్తడి నల్లబడి అక్షరాలు మాసిపోతాయి, అందుకని 1938లో యూదుల మీద దాడులు జరిగిన నవంబరు 9న, ఆష్‌విట్జ్ విముక్తి దినమైన జనవరి 27న ఇరుగుపొరుగు వచ్చి తుడుస్తారు. నువ్వూ చేయవచ్చు. అమ్మ బిందెలు తోమినట్టు చింతపండు వాడకు, పులుపు చుట్టూ ఉన్న రాళ్ల సందుల్లోకి దిగి మరకలు పడతాయి. ఇనుప పీచు అసలే వద్దు, చెక్కిన అక్షరాలు గీతలు పడి అరిగిపోతాయి. సబ్బులూ శుభ్రం చేసే సామాన్లూ అమ్మే డ్రోగరీ దుకాణంలో ఇత్తడి పాలిష్ దొరుకుతుంది. ముందు నీళ్లతో మట్టి కడుగు. మెత్తటి స్పాంజి మీద బఠాణీ గింజంత పాలిష్ వేసి గుండ్రంగా రుద్దు, రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ రుద్దు. నల్లటి మురికి పైకి వచ్చాక తడిగుడ్డతో తీసేసి, పొడిగుడ్డతో తేమ లేకుండా తుడువు. తడి మిగిలితే వారంలోనే మళ్లీ మచ్చలు వస్తాయి. జనవరి చలికి చేతులు కొంకర్లు పోతాయి, రబ్బరు తొడుగులు వేసుకో.

తుడిచాక దాని మీద ఏ పేరు ఉందో నాకు రాసి పంపు.

నాన్న