సూది వచ్చిందని మాత్రలు మానేయకు మామా

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ రాత్రే చూశా. ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఇది ఫోన్లో తేలే యవ్వారం కాదు, నువ్వు మధ్యలో "సర్లే సర్లే" అని కట్ చేస్తావ్, అందుకే కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు. ఇన్సులిన్ మొదలెట్టమన్నారని మొహం వేలాడేసుకున్నావంటే అర్థం చేసుకోగలను, నేనైతే రెండ్రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలా. కానీ చివర్లో ఒక ముక్క రాశావ్ చూడు, "పోన్లే, ఇక మాత్రల గోల వదిలింది" అని, అది చూసి గుండె జారింది. నేను చేసిన వెధవ పని సరిగ్గా అదే మరి.

నాకు సూది రాసిన రోజు చీటీలో పైన ఇన్సులిన్, కింద ఎప్పుడూ వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్, రెండూ ఉన్నాయి. పాత చీటీ చూసి అలవాటుగా రాసేసుంటాడులే అనుకున్నా. పెద్ద మందు వచ్చాక చిన్న మందు ఎందుకు, ఇదీ మన తెలివి. మాత్రల డబ్బా తీసుకెళ్లి బీరువా పైన పడేశా. రాత్రి పడుకునే ముందు 10 యూనిట్లతో మొదలు, పొద్దున ఫాస్టింగ్, అంటే పరగడుపు షుగర్, దిగకపోతే మూడ్రోజులకోసారి రెండేసి యూనిట్లు పెంచమన్నారు. మొదట్లో కాస్త దిగింది, తర్వాత మొండికేసింది. పెంచుతూ పోయా, 32 దాకా వెళ్లింది, నెలన్నరలో మూడు కిలోలు ఒళ్లు చేశా, ఫాస్టింగ్ మాత్రం 170 కిందకి రానంటుంది. డాక్టర్ నా లెక్కల పుస్తకం తిప్పి తిప్పి చూసి, "మాత్రలు ఏ టైముకి వేసుకుంటున్నారు?" అన్నాడు. నేను గోడ గడియారం కేసి చూశా. తిట్టలేదురా, తిట్టినా బావుండేది.

ఆయన చెప్పింది నాకర్థమైన భాషలో చెప్తా. మనం రాత్రి ఏమీ తినకపోయినా లివర్ ఊరుకోదు, తెల్లార్లూ రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది, పొద్దున ఫాస్టింగ్ ఎక్కువ రావడానికి చాలావరకు అదే కారణం. మెట్‌ఫార్మిన్ పట్టుకునేది ముఖ్యంగా ఆ లివర్‌నే. నువ్వది ఆపేస్తే అక్కడ కుళాయి తిప్పి వదిలేసినట్టే, ఇటు ఇన్సులిన్‌తో ఎంత తోడినా నిండుతూనే ఉంటుంది. పైగా మన టైప్ 2 వాళ్లకి ఒంట్లో ఉన్న ఇన్సులిన్ మాట కూడా ఒళ్లు సరిగ్గా వినదు, అందుకని ఒక్క సూదితోనే నెట్టుకు రావాలంటే డోసు ఎక్కువ పడుతుంది, దాంతో బరువూ పెరుగుతుంది. రెండూ కలిస్తే తక్కువ ఇన్సులిన్‌తో పని జరుగుతుంది.

ఇదేదో ఆయన సొంత పైత్యం కాదు. ఫిన్లండ్ వాళ్లు 96 మంది మీద ఏడాదిపాటు చూశారు, 1999లో అచ్చయింది. అందరికీ రాత్రి ఇన్సులిన్ ఇచ్చి, కొందరికి తోడుగా మెట్‌ఫార్మిన్, కొందరికి గ్లైబెన్‌క్లమైడ్ అనే ఇంకో షుగర్ మాత్ర, కొందరికి ఆ రెండూ, ఇంకొందరికి పొద్దున ఇంకో సూది. మెట్‌ఫార్మిన్ వాళ్లకి షుగర్ అందరికంటే బాగా దిగింది, బరువు కిలో కూడా పెరగలేదు, మిగతా గుంపులన్నీ మూడున్నర కిలోల పైనే పెరిగాయి. నా మూడు కిలోలు గుర్తొచ్చి కడుపు మండింది.

ఇంకో తమాషా చెప్పనా, ఈ రెండు మందులూ ఒకే ఈడువి. మనిషికి మొట్టమొదట ఇన్సులిన్ పొడిచింది 1922 జనవరిలో, టొరంటోలో. మెట్‌ఫార్మిన్‌ని మొదటిసారి తయారుచేసిందీ 1922లోనే, డబ్లిన్‌లో. కాకపోతే దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టర్ షుగర్‌కి వాడి చూపించేదాకా అలా పడుంది పాపం.

నువ్వేదో తప్పు చేసినందుకు సూది దాకా వచ్చిందనుకుంటున్నావ్ కదా, అది కూడా వదిలెయ్. బ్రిటన్‌లో 1977లో మొదలెట్టి 1998లో ఫలితాలు చెప్పిన యూకేపీడీఎస్ అని పెద్ద స్టడీ ఉంది, జబ్బు బయటపడే నాటికే ఇన్సులిన్ చేసే సత్తా సగం దాకా పోయి ఉంటుందనీ, తర్వాత కూడా ఏటా తగ్గుతూనే వస్తుందనీ అందులో తేలింది. ఇన్నేళ్లు మాత్రలతో లాక్కొచ్చావంటే గొప్పే.

ఇప్పుడు రెండో వెధవ పని. అవును, ఇంకోటుంది. డాక్టర్ దగ్గర్నుంచి సిగ్గుతో ఇంటికొచ్చి, బీరువా పైనుంచి డబ్బా దించి అందులో ఉన్న పాత మాత్రలన్నీ మొదలెట్టేశా, గ్లిమెపిరైడ్‌తో సహా. కొత్త చీటీలో అది లేదు, కావాలనే కొట్టేశారు, నేను చూస్తేగా. అది పాంక్రియాస్‌ని కొరడాతో కొట్టి ఇన్సులిన్ పిండే రకం, లోపల్నుంచి అదీ, బయట్నుంచి 32 యూనిట్ల సూదీ. నాలుగో రాత్రి మూడింటికి మెలకువొచ్చింది, బనీను పిండితే నీళ్లు కారేలా చెమట, గుండె దడదడ. మీటర్ స్ట్రిప్ బుడ్డి మూత తియ్యడానికి వేళ్లు వణికి రెండుసార్లు కింద పడేశా. 54. గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుతుంటే సగం గట్టు మీదే పోసుకున్నా. 70 కిందకి పోతే 15 గ్రాముల గ్లూకోజో పంచదారో తీసుకుని 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే తీసుకోవాలి. ఆ పదిహేను నిమిషాలు మాత్రం పదిహేను గంటల్లా గడుస్తాయ్.

గ్లిమెపిరైడ్ ఇన్సులిన్‌తో అస్సలు కూడదని కాదు, రాత్రి ఒక్క సూదీ ఉన్నప్పుడు కొందరికి తగ్గించి ఉంచుతారు, భోజనాల ముందు సూదులు మొదలయ్యాక మామూలుగా తీసేస్తారు. పయోగ్లిటజోన్ అనే మాత్ర నీ చీటీలో ఉంటే కాళ్లు వాస్తున్నాయేమో చూసుకో, ఇన్సులిన్‌తో కలిస్తే ఒంట్లో నీరు ఇంకా పడుతుంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి అది వద్దు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు గుండెకీ కిడ్నీకీ మంచివే, కానీ షుగర్ బానే ఉంది కదా అని ఇన్సులిన్ ఒక్కసారిగా కోసేస్తే రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు, పేరుకుంటాయ్, మీటర్‌లో నంబర్ మరీ ఎక్కువ కనపడకపోయినా సరే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం అనిపిస్తే ఇంట్లో కూర్చోకుండా హాస్పిటల్‌కి పరిగెత్తు. మెట్‌ఫార్మిన్ కూడా పుట్టుకతో వచ్చిన హక్కేం కాదు, కిడ్నీ టెస్టులో ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే నంబర్, 30 కిందకొస్తే ఆపేస్తారు, ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గొచ్చు, అదొకసారి చూపించుకో.

సూదికి భయపడకు, ఇప్పుడు నాలుగు మిల్లీమీటర్లవి వస్తున్నాయ్, దోమ కుట్టినంత కూడా అనిపించదు. పెన్నుతో పొడుచుకుంటుంటే ప్రతిసారీ ముందు రెండు యూనిట్లు గాల్లోకి వదులు, చివర చుక్క కనపడాలి. పొడిచాక పది లెక్కపెట్టి తియ్. ఒకే చోట పొడవకు, చర్మం కింద కొవ్వు గడ్డకట్టి మందు సరిగ్గా ఎక్కదు. నేను బొడ్డుకి ఎడంపక్కే పొడిచీ పొడిచీ ఒక ముద్ద తెచ్చుకున్నా, ఇప్పటికీ చేతికి తగుల్తుంది.

మెట్‌ఫార్మిన్ ఒక్కటీ సరిగ్గా వేసుకోవడం మొదలెట్టాక డాక్టరే డోసు దించుతూ వచ్చారు, ఇప్పుడు 20 దగ్గర నిలబడ్డా, ఫాస్టింగ్ 110, 120 మధ్యలో ఆడుతోంది. నీ డోసు నా లెక్క చూసి మార్చుకోకు, నీ ఒళ్లు వేరు.

ముందు నీ కొత్త చీటీ ఫొటో తీసి పెట్టు, పాతది కూడా పెట్టు. ఏవి ఉన్నాయో, ఏవి తీసేశారో ఇద్దరం కలిసి చూద్దాం, అనుమానమున్నవి రాసుకుని డాక్టర్‌నే అడుగు. ఇంతకీ ఆ మాత్రల డబ్బా పారేశావా, ఉంచావా?

నీ
వెధవ పనుల స్పెషలిస్టు