బెర్రీల డబ్బా మూత, దానితో ఇచ్చిన సూచనల కాగితంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: పండ్లను పాడుచేస్తున్న తప్పుడు సూచనలు సరిచేయాలని, గాలి ఆడే మూత ఇవ్వాలని కోరుతూ.

ఆర్యా,

బెర్రీలు నిల్వ చేయడానికని మీరు అమ్ముతున్న గాలి చొరబడని డబ్బా కొన్నాను. డబ్బా గట్టిది, కడగడం సులువు, అందులో వంక పెట్టేదేమీ లేదు. నా ఫిర్యాదు మూత గురించి, అంతకన్నా ఎక్కువగా లోపల పెట్టిన సూచనల కాగితం గురించి. పండ్లు ఇంటికి తేగానే తొడిమలు తీసేసి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో పావుగంట నానబెట్టి, డబ్బాలో వేసి మూత బిగిస్తే రెండు వారాలు తాజాగా ఉంటాయని అందులో రాశారు. అక్షరం తప్పకుండా అలాగే చేశాను. వారం తిరక్కుండానే అడుగు పండ్లు మెత్తబడి బూడిదరంగు బూజు పట్టాయి, మూత తీస్తే పులిసిన వాసన వచ్చింది.

అన్నిటికన్నా ముందు తీసేయాల్సింది ఆ సబ్బు మాట. బెర్రీల పైపొర చాలా పలచన, సబ్బును పీల్చుకుంటుంది. ఎంత కడిగినా పూర్తిగా పోయిందని చెప్పలేం. తినే పండుకు గిన్నెలు తోమే సబ్బు వాడమని ఏ కంపెనీ చెప్పకూడదు.

స్ట్రాబెర్రీ తొడిమ కడగకముందే తీస్తే అక్కడ పచ్చి గాయం మిగులుతుంది. నానబెట్టిన నీరు ఆ దారిన లోపలికి పోతుంది, రుచి చప్పబడుతుంది, కుళ్లు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. తొడిమ ఉంచి కడగాలి, తినేముందు తీయాలి. బ్లూబెర్రీల మీది తెల్లటి పొడిని పురుగుమందు అవశేషం అనుకుని రుద్ది పోగొట్టమన్నారు. అది పండు తనంతట తాను పూసుకున్న సహజమైన మైనం. లోపలి తేమ ఆరిపోకుండా కాపాడేది అదే.

ఇక మూత. కోసిన తర్వాత కూడా పండు శ్వాసిస్తూనే ఉంటుంది: ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి, కొంత వేడి వదులుతుంది. మీ మూత రబ్బరు పట్టీతో బిగుసుకుపోవడం వల్ల ఆ ఆవిరి మూత లోపలివైపు చుక్కలై మళ్లీ పండ్ల మీదే పడుతుంది. ఆక్సిజన్ తగ్గిపోయాక పండు లోపల పులియడం మొదలై సారాయి వాసన వస్తుంది. పండ్లు అమ్మే పలచటి ప్లాస్టిక్ పెట్టెలకు చిల్లులుండేది ఇందుకే. అలాగని పూర్తిగా తెరిచి పెట్టినా మంచిది కాదు, పండ్లు వాడి ముడతలు పడతాయి. వాటి చుట్టూ గాలిలో తేమ 90–95 శాతం ఉండాలి, పండు మీద మాత్రం నీటి చుక్క నిలవకూడదు. తెరిచి మూసే చిన్న రంధ్రాలు రెండు మూతకు పెడితే ఈ రెండూ కుదురుతాయి. అడుగున ఉన్న జాలీని కూడా ఒక వేలు మందం పైకి లేపాలి, ఇప్పుడు కింద చేరిన నీరు పండ్లకు తగులుతోంది.

బూడిదరంగు బూజుకు కారణం బోట్రైటిస్ సినేరియా అనే శిలీంధ్రం. పొలంలో, చాలాసార్లు పూత దశలోనే, పండులోకి చేరుతుంది. 0 డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. ఫ్రిజ్ దాన్ని ఆలస్యం చేస్తుందే గానీ ఆపలేదు. అలాంటప్పుడు ఏ పండుకైనా రెండు వారాలని హామీ ఇవ్వడం సరికాదు. రాస్ప్‌బెర్రీలైతే రెండు మూడు రోజులు నిలవడమే గొప్ప.

కాగితంలో ఉండాల్సిన పద్ధతి ఇది. తేగానే పండ్లన్నీ పరిచి చూడాలి. చితికినవీ బూజు పట్టినవీ తీసేయాలి, వాటిని ఆనుకుని ఉన్నవాటిని విడిగా పెట్టి ముందు తినాలి. వెంటనే తినకపోతే కడగకుండానే ఫ్రిజ్‌లో పెట్టడం మేలు. కడిగే నిల్వ చేయాలనుకుంటే ఒక కప్పు వెనిగర్‌కు మూడు కప్పుల చన్నీళ్లు కలిపి, ఒకటి రెండు నిమిషాలు మాత్రమే ముంచి, మంచినీళ్లతో కడిగి చిల్లుల గిన్నెలో వంచాలి. ఇది పైనున్న బూజు బీజాలను తగ్గిస్తుంది, లోపల చేరినదాన్ని ఏమీ చేయలేదు. అసలు మెలకువ ఆరబెట్టడంలో ఉంది. పొడిబట్ట మీద ఒకే వరుసలో, తడి తగలనంతగా ఆరనివ్వాలి. రాస్ప్‌బెర్రీ లోపల బోలు కాబట్టి బోలు భాగం కిందికి ఉండేలా బోర్లించాలి, లేకుంటే నీరు లోపలే నిలిచిపోతుంది. తర్వాత డబ్బా అడుగున పొడి కాగితపు తువ్వాలు పరిచి, పండ్లను వీలైనంత పలచగా సర్ది, మూత కొద్దిగా తెరిచి ఉంచి, 0–4 డిగ్రీల మధ్య పెట్టాలి. కాగితం తడిస్తే మార్చాలి. అంతకన్నా ఎక్కువ రోజులు కావాలంటే పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, ఆపై సంచిలోనో ఈ డబ్బాలోనో వేసి మైనస్ 18 డిగ్రీల్లో దాచాలి. మీ బిగుతు మూత పనికొచ్చేది అక్కడే.

కాబట్టి నా డబ్బాకు రంధ్రాలున్న మూత పంపండి, లేదా డబ్బు తిరిగి ఇవ్వండి. సబ్బు వాడమన్న వాక్యాన్ని వెంటనే తొలగించి, ఇప్పటికే కొన్నవారికి ఆ సంగతి తెలియజేయండి. రెండు వారాల హామీని అట్ట మీద నుంచి తీసేయండి. బిల్లు నకలు, సూచనల కాగితం ఫొటో, పాడైన పండ్ల ఫొటోలు జతచేశాను. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారు